బండి ఆగిన క్షణంలో ముల్లు ఎక్కడుందో చూడు

రాజమండ్రి,
ఆదివారం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ నాన్నగారి బుల్లెట్టు ఇన్నేళ్ళకు మళ్ళీ రోడ్డెక్కిందని చదివి ఎంత సంతోషించానో, అది నిన్ను మూడుసార్లు నడిరోడ్డు మీద దింపేసిందని చదివి అంత బాధపడ్డాను. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళేసరికి మొదటి కిక్కుకే స్టార్టవుతోందనీ, ఆయన నీ మాట నమ్మడం లేదనీ రాశావు. రెండేళ్ళ క్రితం నా పరిస్థితీ అచ్చంగా అదే కాబట్టి, ఈ రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా నిన్ను కోరేది ఒక్కటే. దయచేసి సామాను మార్చడం ఆపు. నిప్పురవ్వకు కావలసిన కరెంటు పుట్టించే కాయిలు, ఆ రవ్వ వేసే ప్లగ్గు, కాయిలుకు కరెంటు కలిపి తెంచే పాయింట్లు మార్చేశానని రాశావు, వచ్చే వారం వైరింగ్ కిట్టు మొత్తం మార్పిస్తానన్నావు. వచ్చిపోయే జబ్బుతో ఉన్న చిక్కే అది. ఏ సామాను మార్చినా రెండు రోజులు బండి బాగానే తిరుగుతుంది, ఆ సామానే కారణమని మనం నమ్మేస్తాం, మూడో రోజు మళ్ళీ ఆగుతుంది. బండి చచ్చి పడి ఉన్న ఆ రెండు నిమిషాల్లో చూసిందే సాక్ష్యం. అందుకని ఆగిన వెంటనే కంగారుగా కిక్కులు కొట్టకుండా, ఏం చూడాలో ముందే నిర్ణయించుకుని బయలుదేరు.

చూడాల్సింది హెడ్‌లైటు డూము మీద, బ్యాటరీలోకి వచ్చే, బయటికి పోయే కరెంటును చూపించే ఆంపియర్ మీటరు ముల్లు. ఇంజను లోపలి ఒత్తిడిని వదిలేసే డీకంప్రెసర్ మీట నొక్కి, ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కరును మెల్లగా దించి, అప్పుడు మీట వదిలి కిక్కు కొట్టమని మీ నాన్నగారు మనకు నేర్పించింది గుర్తుందా? ఆయన మనకు తెలియకుండానే పరీక్ష పద్ధతి కూడా నేర్పేశారు. లైట్లు ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, డీకంప్రెసర్ నొక్కి కిక్కరును నాలుగైదు సార్లు నెమ్మదిగా తొక్కు. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిలుకు కరెంటు వెళ్తుంది కాబట్టి ముల్లు మైనస్ వైపు వాలాలి, తెరుచుకోగానే మధ్యకు రావాలి. అసలు కదలకపోతే బ్యాటరీ నుంచి ఫ్యూజు, తాళం స్విచ్చి, కాయిలు మీదుగా పాయింట్ల దాకా ఉన్న దారిలో ఎక్కడో తెగింది, లేదా పాయింట్లే మురికి పట్టి కలవడం లేదు. వాలినది వాలినట్టే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదంటే పాయింటు తీగ గానీ కండెన్సరు గానీ బాడీకి షార్టయింది. ముల్లు చక్కగా ఊగుతూ కూడా ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ రాకపోతే, కండెన్సరు, కాయిలు లోపలి చుట్ట, ప్లగ్గు తీగ, ముందుగా ఈ మూడింటినీ అనుమానించాలి. ఒక్క నిమిషంలో, ఒక్క స్క్రూ కూడా విప్పకుండా, వెతకాల్సిన చోటు ఇంతగా తగ్గిపోతుంది. చూడటం అయిపోగానే తాళం ఆఫ్ చెయ్యి. పాయింట్లు మూసుకుని ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే కాయిలు ఊరికే వేడెక్కి పాడవుతుంది.

నా బండి రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కుతుండగా ఆగేది. మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారి దగ్గి, ముందుకు పోయి, తర్వాతి మలుపులో పూర్తిగా చచ్చిపోయేది. అప్పుడు ముల్లు చూస్తే కదిలేది కాదు. కానీ హ్యాండిలు తిన్నగా చేసి స్టాండు వేసేసరికి కరెంటు వచ్చేసేది. అందుకని నడుస్తున్నప్పుడే పట్టుకోవాలని, ఇండికేటరులో వాడే 21 వాట్ల బల్బును హోల్డరుతో సహా హ్యాండిలుకు కట్టి, దాని ఒక తీగను కాయిలుకు కరెంటు వచ్చే చోటా, రెండోదాన్ని ఎర్త్‌కూ, అంటే బండి బాడీకీ కలిపాను. నా బండి 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మార్చినది. ఆ బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది, అంటే పేరుకు అంటుకున్న తీగ దాన్ని పూర్తిగా వెలిగించలేదు. గాజు బాగా కాలుతుంది కాబట్టి ట్యాంకు పెయింటుకు తగలకుండా కట్టుకోవాలి. మర్నాడు సాయంత్రం ఎడమ వైపు మలుపు తిరుగుతుంటే ఆ బల్బు ఎర్రగా మినుకుమని ఆరిపోవడం, ఆ వెంటనే ఇంజను ఆగిపోవడం కళ్ళారా చూశాను. ఆ క్షణంలో కలిగిన సంతోషం చెప్పలేను.

ఇంటికొచ్చి మల్టీమీటరు పెట్టాను. ఇక్కడే చాలామంది మోసపోతారు, నేనూ మొదట్లో మోసపోయాను. తీగ తెగిందో లేదో చూసే కంటిన్యూటీ పరీక్ష పెడితే తీగ బాగానే ఉందని బీప్ కొడుతుంది. మీటరు పంపే కరెంటు చాలా తక్కువ, దానికి ఒక్క రాగి పోగు అంటుకుని ఉన్నా చాలు. అందుకే వోల్టేజి పెట్టి చూడాలి. తాళం ఆన్ చేసి, పాయింట్లు మూసి ఉండగా, మీటరు ఒక తీగ కొనను బ్యాటరీ ప్లస్ మీద, రెండోదాన్ని కాయిలుకు కరెంటు వచ్చే టెర్మినల్ మీద ఉంచితే దారిలో ఎంత పోతోందో కనిపిస్తుంది. అర వోల్టు మించకూడదు. నాకు హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడు 0.3 వచ్చింది, ఎడమకు తిప్పుతుంటే 3 దాటింది. స్టీరింగ్ మెడ దగ్గర వైర్ల కట్ట వంగే చోట ఒక తీగను వేళ్ళతో నలిపితే, పైన ప్లాస్టిక్కు చెక్కుచెదరలేదు గానీ లోపల మెత్తగా, ఖాళీగా తగిలింది. బ్లేడుతో చీల్చి తెల్లగుడ్డ మీద దులిపితే పచ్చటి చిలుము పొడి రాలింది. మొత్తం 14 రాగి పోగుల్లో అంటుకుని ఉన్నవి రెండే.

అయితే నీ బండి సంగతి వేరేమో అనిపిస్తోంది. అరగంట నడిచాక ఆగుతుందనీ, టీ తాగి వచ్చేసరికి స్టార్టవుతుందనీ రాశావు. మొదట పెట్రోలు సంగతి తేల్చుకో. ఆగిన వెంటనే ట్యాంకు మూత తెరిస్తే గాలి లోపలికి లాగిన చప్పుడై, బండి స్టార్టయితే, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం, కరెంటుతో పని లేదు. అలా కాకుండా ముల్లు ఊగుతూనే నిప్పురవ్వ రాకపోతే నా అనుమానం కండెన్సరు మీద. పాయింట్లు తెరుచుకునేటప్పుడు వాటి మధ్య మెరుపు సాగకుండా ఆపి, కాయిలులో అయస్కాంత శక్తి ఒక్కసారిగా కూలేలా చేసేది అదే. అది ఇంజను వేడి తగిలే చోటే ఉంటుంది, వేడికి లోపల తెగితే చల్లారాక మళ్ళీ కలుస్తుంది. చీకటి పడ్డాక పాయింట్ల మూత తీసి కిక్కు కొడుతూ చూడు. సన్నటి చుక్కలా మెరిస్తే ఫరవాలేదు, నీలంగా పెద్దగా మెరిస్తే కండెన్సరు పోయినట్టే. జేబులో మంచి కండెన్సరు ఒకటి ఉంచుకుని, ఆగినప్పుడు పాతదాని తీగ ఊడదీసి దీన్ని బయటినుంచే కలిపి చూడు. పాతదాన్ని తప్పకుండా ఊడదీయాలి, అది షార్టయి ఉంటే కొత్తది పక్కన పెట్టినా ఉపయోగం ఉండదు. మార్చాక పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య సందు కొలిచే రేకుల ఫీలర్ గేజితో సరిచూసుకో.

ఇంకొక సంగతి. బండికి కొత్తగా పెయింటు వేయించావు కదా, బ్యాటరీ ఎర్త్ తీగ బిగించే చోటా, ఇంజను బోల్టుల కిందా రంగు గీకించావా? ఆ రంగు పొర ఉంటే లైట్లు ఒక రోజు వెలిగి ఒక రోజు వెలగవు, హారను మోగితే ఇంజను తడబడుతుంది. మీ బండి ఇంకా 6 వోల్టులదే కాబట్టి ఇది మరీ ముఖ్యం. 12 వోల్టులలో అర వోల్టు పోయినా నడుస్తుంది గానీ, ఆరులో అర పోతే నిప్పురవ్వ వెంటనే నీరసపడుతుంది.

నా దగ్గర మిగిలిన మంచి తీగ ఐదు మీటర్లు, 6 వోల్టుల బల్బు, హోల్డరు, ఒక కండెన్సరు కలిపి రేపు బస్సు పార్సిల్లో వేస్తున్నాను. మెడ దగ్గర తీగ మార్చాల్సి వస్తే అతుకు అక్కడ పెట్టకు, టంకం వేసిన చోట తీగ బిరుసెక్కి మళ్ళీ అక్కడే విరుగుతుంది. ఈసారి బండి ఆగినప్పుడు ముల్లు ఎటు ఉందో, హ్యాండిలు ఎటు తిరిగి ఉందో, ఎన్ని నిమిషాలు నడిచిందో ఒక కాగితం మీద రాసి పంపు. అమ్మగారికి నా నమస్కారాలు, చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ మిత్రుడు