మన ఊరి కతోలిక సంఘం, హైదరాబాద్: వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, సభ్యులకు క్రీస్తునాథుని పేరిట వందనాలు.

నెలనెలా జపమాల, క్రిస్మస్ కలయిక, ఇంటర్ పిల్లలకు ఫీజుల సాయం ఎప్పటిలాగే జరిగాయి. హాలు ఉచితంగా ఇచ్చిన ఫాదర్ గారికి, భోజనాలు చూసుకున్న అక్కలకు, మైకుసెట్టు మోసుకొచ్చిన తమ్ముళ్లకు కృతజ్ఞతలు. పేర్లు రాస్తే ఎవరిదో ఒకరిది తప్పిపోయిందని నెల రోజులు ఫోన్లు వస్తాయి కాబట్టి రాయడం లేదు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది మన సొంత ఊళ్లో గుడి (చర్చి) మరమ్మతు పని. అంతకుముందు, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో, పిల్లలకు సిటీలోని రెండు పాత గుళ్లు చూపించాం. ఒకటి సికింద్రాబాద్ సెయింట్ మేరీస్. 1850 నాటిది, 2008లో బసిలికా (పోపు ఇచ్చే ప్రత్యేక హోదా) అయింది. రెండోది గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కతీడ్రల్. ఇటలీ నుంచి వచ్చిన పీమే (PIME) మిషనరీ సంస్థ గురువులు 1870లో పునాది వేసి, 1875 క్రిస్మస్‌కు అందులో పూజ చేశారు. గోపురంలో మోగే గంటలు అయిదూ 1892లో ఇటలీ నుంచి వచ్చాయి.

సెయింట్ మేరీస్‌లో ఒక పాప అడిగింది: ఇక్కడ కమానులు మొనదేలి ఉన్నాయి, మన ఊరి గుడిలో గుండ్రంగా ఎందుకున్నాయని. మొనదేలిన గోతిక్ కమాను బరువును ఎక్కువగా కిందికి దించుతుంది. గుండ్రటి కమాను గోడలను పక్కలకు నెడుతుంది. అందుకే మన గోడలు అంత మందం. కిటికీ గూట్లో పిల్లవాడు కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు. మనలో చాలామంది కూర్చుని ఉపదేశి గారి చేత తిట్లు తిన్నవాళ్లమే. బలిపీఠాలు రెండెందుకన్నది ఇంకో ప్రశ్న. గోడకు ఆనుకున్నది లాటిన్ పూజల కాలం నాటిది. గురువు జనం వైపు తిరిగి పూజ చేసే ముందరి బల్ల, 1962-65లో కతోలిక బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ తర్వాత వచ్చింది.

ఇక గుడి పని. మిల్‌హిల్ అనే ఇంగ్లండు మిషనరీ సంస్థ గురువుల కాలం నాటి మన గుడి గోడలు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. కొన్నేళ్ల కిందట గట్టిగా ఉంటుందని దక్షిణం గోడకు సిమెంటు పూశారు. నేలలోంచి పైకెక్కే చెమ్మ సున్నపు పూతలోంచి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. మేస్త్రి పెచ్చు ఊడదీసి చూపిస్తే, వెనక ఇటుక బొటనవేలితో నలిపితే పొడైపోయింది. పైన తెల్లటి ఉప్పు. అంతా గీకించి, గోడ ఆరనిచ్చి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో సున్నం కలిపించి మళ్లీ పూత వేయించాం. ఎలక్ట్రికల్ పైపులు కూడా గోడలో దించకుండా బయటే పెట్టించాం.

పనికి వస్తామని పేర్లిచ్చినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. వచ్చినవాళ్లలో కొందరు సెల్ఫీ దిగి భోజనం వేళకే బస్సెక్కారు. వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించే బొమ్మలకు మాత్రం కొదవ లేదు. పాత కట్టడాల మరమ్మతుకు సాయం అడుగుతూ ఒక ప్రభుత్వ కార్యాలయానికి అర్జీ పెట్టాం. ఫైలు పై సార్ టేబుల్ మీద ఉందంటున్నారు. ఆ సార్ బదిలీ అయిపోయారు, టేబుల్ ఎక్కడుందో తెలియదు.

జమాఖర్చుల పట్టీ జత చేశాం, కోశాధికారి చదివి వినిపిస్తారు. గుడి పనికి అనుకున్నదానికన్నా ఎక్కువైంది. కూలి రేట్లు మీకు తెలిసినవే.

వచ్చే ఏడు వానలకు ముందే పెంకులు మార్పించాలి. స్లాబు వేసేద్దామన్న సభ్యులకు మనవి: పాత ఇటుక గోడల మీదికి ఆ బరువు ఎక్కించాలంటే ముందు ఇంజినీరు చేత రాయించి తీసుకురండి. చందా రసీదు పుస్తకాలు ఇంకా తిరిగివ్వని ముగ్గురూ ఈ సమావేశంలోనే కోశాధికారికి అప్పగించాలి.

ఇట్లు,
కార్యదర్శి