పులికాట్‌కి వచ్చే ముందు

అమ్మడూ,

"సంక్రాంతికి నలుగురం వస్తున్నాం, పక్షులు చూపించు నాన్నా" అని మూడు వారాల కిందట ఒక మెసేజీ పెట్టావు. ఆ తర్వాత ఫోనెత్తింది లేదు. పనుంటుందిలే అనుకున్నాం. పద్మత్త ఇంకేదో చెప్పింది గానీ అది తర్వాత. ముందు పక్షుల సంగతి.

మొదట నేలపట్టు పక్షుల కేంద్రం. ఆరింటికల్లా దొరవారిసత్రం దగ్గర హైవే దిగాలి, అంటే ఇంట్లో అయిదుంబావుకే కదలాలి. చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్ళు పెట్టుకుని ఉంటాయి. వాటినీ సైబీరియా నుంచే వచ్చాయంటారు, నమ్మొద్దు. అవి మన దక్షిణాది పక్షులే, వానలకు చెరువు నిండాక గూళ్ళకు చేరతాయి. హిమాలయాలు దాటి వచ్చేవి పట్టీతల బాతులు. గట్టు మీద అరుపులూ నవ్వులూ వద్దు. తల్లి బెదిరి లేచిందా, ఆ సందులో కాకి గుడ్డెత్తుకుపోతుంది.

ఎండ ముదరకముందే షార్ రోడ్డుకు, అంటే పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పోయే రోడ్డుకు రండి. రోడ్డు తూర్పుకు పోతుంది, చలికాలం పొద్దు దక్షిణంగా వాలి నడుస్తుంది. కాబట్టి ఉత్తరం పక్క నీళ్ళే చూడాలి. దక్షిణానికి తిరిగితే అన్నీ నల్లబొమ్మలే, రంగు తెలీదు. తొమ్మిది దాటితే నీటి మీద గాలి కాగి, ఎంత ఖరీదు అద్దంలోనైనా పక్షి వణుకుతూ కనిపిస్తుంది.

బైనాక్యులర్ 8×42 చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. 12 రెట్లదైతే చేతి వణుకు కూడా 12 రెట్లవుతుంది. అయినా ఇప్పుడు కొత్తది కొనకు, డబ్బు చేతిలో ఉండనీ. ఇంట్లో ఉన్నదే వాడు. కళ్ళజోడు పెట్టుకుంటావు గనక కంటి దగ్గర రబ్బరు కప్పులు కిందికి దించు, లేకపోతే సగం బొమ్మే కనిపిస్తుంది. కుడి కన్ను మూసి నడిమి చక్రం తిప్పి ఎడమ కంటికి సరిచేసుకో. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి గొట్టం మీది రింగు ఒక్కటే తిప్పు. నీ కళ్ళకు కుదిరాక ఇంకెవరికీ ఇవ్వకు.

రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, ముక్కు తలకిందులు చేసి బురదనీళ్ళు వడగట్టుకుని తింటుంటే మీరు సరైన దూరంలో ఉన్నట్టు. మెడలన్నీ ఒక్కసారి నిటారుగా లేచి, గుంపు ఒక పక్కకు నడక మొదలుపెడితే అక్కడే ఆగిపోవాలి. ఇంకో నాలుగడుగులు వేస్తే ఎగిరిపోతాయి.

ఈ ముక్క శేషు మామకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి, వెళ్తున్నానని ఆయన ఎవరికైనా చెబితే కదా! ట్రైపాడ్ భుజానేసుకుని రోడ్డు దిగాడట. ఒడ్డున బురద పైపైన ఎండి, పగుళ్ళు తీసి, ఉప్పు పొరతో గట్టిగా కనిపిస్తుంది. కింద అంతా పేస్టులాంటి మెత్తదనం. ఇరవై అడుగులు బానే నడిచి, ఇరవై ఒకటో అడుక్కి మోకాలి దాకా దిగాడు. ఒక కాలు లాగాలని రెండో కాలి మీద బలం మోపాడు, అదీ తొడ దాకా పోయింది. కాలికింద గాలి చొరక బురద పీల్చి పట్టుకుంటుంది, ఎంత గుంజితే అంత బిగుస్తుంది. వెనక్కి వాలి కూర్చుని, కాలు మెల్లగా ఆడిస్తే సందుల్లోకి నీళ్ళు చేరి వదులవుతుంది. జాలరి అబ్బాయి ఒకడు తెడ్డు అడ్డంగా పడేసి, అదే మాట చెప్పి లాగాడట. చెప్పులు లోపలే ఉన్నాయి. పక్షులు ఆ పూటకు మళ్ళీ రాలేదు. ఇంట్లో సాయంత్రం దాకా ఎవరికీ తెలీదు. పైగా అడిగితే "మీరెందుకు కంగారుపడటం" అన్నాడు. మీ తరం కూడా అంతే.

రోడ్డు దిగొద్దు. తెల్ల చొక్కాలు, ఎర్ర చున్నీలు వద్దు. స్వెట్టర్ తెచ్చుకో, ఏటిగాలి చెవుల్లో దూరుతుంది.

ఉద్యోగం మానేశావని పద్మత్త అంటోంది. మానేసినా మానకపోయినా ఇంట్లో బియ్యం ఉన్నాయి, మీ అమ్మకు నిద్రే లేదు. పోయినసారి మర్చిపోయిన నీ పాత కళ్ళజోడు అలమారలోనే ఉంది. పవరు మారిందో లేదో, అదైనా రాయి.

నాన్న