రాచకొండ తాతకు, ఆ రాత్రి మాకు సాయపడ్డ అందరికీ

ఆపరేషన్ అయింది. చీలమండ దగ్గర ప్లేటు పెట్టి స్క్రూలు వేశారు. కూర్చునే ఓపిక ఇంకా రాలేదు, పడుకునే టైప్ చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఈ మాటలు ఇప్పుడే చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆదివారం ఫ్రెండ్స్‌తో కలిసి రాచకొండ వెళ్లాం. హైదరాబాద్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని అది. సున్నం వాడకుండా పెద్ద పెద్ద బండలు పేర్చి కట్టిన గోడలు, రాతి దర్వాజాలు దాటుకుంటూ పైకెక్కాం. కొన మీద సూర్యాస్తమయం చూశాం. డిసెంబరు కదా, ఆరు కాకముందే సూర్యుడు గుట్టల వెనక్కి జారిపోయాడు. టార్చిలు వేసుకుని దిగుతుంటే నా కాలి కింద రాయి కదిలింది. ‘టక్’మన్న చప్పుడు నాకే వినిపించింది. అంతే, ఇక లేవలేకపోయాను.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. సిగ్నల్ కోసం ఇద్దరు కిందికి పరుగెత్తారు. మిగతావాళ్లు నా చుట్టూ కూర్చున్నారు గానీ అందరికీ టెన్షనే. అప్పుడు మేకల్ని తోలుకుంటూ దిగుతున్న ఒక తాత మా వెలుగు చూసి దగ్గరికొచ్చారు. కింద తండాలో ఉంటారట. పేరు చెప్పారు గానీ ఇక్కడ రాయడానికి ఒప్పుకోలేదు.

“లేవకు బిడ్డా, కాలు కదిలియ్యకు” అన్నారు. గొడ్డలితో సీతాఫలం కొమ్మలు రెండు కొట్టి, చెక్కి నున్నగా చేశారు. తలకున్న రుమాలు విప్పి నిలువునా చింపారు. ఇక కట్టేస్తారనుకున్నాను. కట్టలేదు. నా సాక్సుకి ఉత్తరేణి గింజలు అంటుకుని ఉన్నాయి. టార్చి దగ్గరగా పట్టమని, వాటిని ఒక్కొక్కటే ఏరి పారేశారు. “కట్టు కింద ఉంటే పొద్దుమాపు గుచ్చుకుంటయి బిడ్డా” అన్నారు. అప్పటిదాకా నొప్పికి కూడా ఏడవలేదు నేను. ఆ మాటకు భోరుమన్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి, చీకటి పడ్డాక, తన ఇల్లు తను చేరాల్సిన వేళ, నా సాక్సులో గింజలు ఏరుతున్నారు. ఇది రాస్తుంటే ఇప్పుడూ కళ్లు నిండుతున్నాయి.

“మేకపిల్లల కాళ్లకు గిట్లనే కడ్త. మంచిగైతయి” అని ధైర్యం చెప్పి కట్టు కట్టారు. తర్వాత తండా వైపు తిరిగి వాళ్ల భాషలో గట్టిగా కేకేశారు. కుర్రాళ్లు నులక మంచం మోసుకొచ్చారు. నన్ను దాని మీద పడుకోబెట్టి దింపుతుంటే, కుదుపులకు కాలు ఊగకుండా తాత రెండు చేతులతో పట్టుకుని నడిచారు. ఆ బండల మీద, ఆ చీకట్లో, కింది దాకా వదల్లేదు.

ఆయన మందలో ఒక పిల్ల పైనే ఉండిపోయిందని మాకు ఆలస్యంగా తెలిసింది. కుర్రాళ్లు చెప్పారు. దాని అరుపు ఆయనకు వినపడుతూనే ఉందట. నన్ను ఆటో ఎక్కించాకే మళ్లీ గుట్ట ఎక్కారు. మాతో ఒక్క మాట అనలేదు. మర్నాడు కిరాణా కొట్టతని ఫోన్ నుంచి మా ఆయనకు కాల్ చేసి నా కాలెట్లుందని అడిగారు. మేకపిల్ల దొరికిందా అంటే, “బండ సందుల ఉండె, దొరికింది” అన్నారు. హమ్మయ్య అనిపించింది.

డాక్టర్ కట్టు విప్పుతూ, ఇది ఎవరు కట్టారని అడిగారు. దారిలో ఎముక ఇంకా పక్కకు జరగకుండా ఇదే ఆపిందన్నారు. ఆ రుమాలు ముక్కల్ని నర్సు పారేయబోతే అడిగి తీసుకున్నాను.

ఇక చెప్పక తప్పని మాట ఒకటుంది. సిగ్నల్ దొరికి అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే ల్యాండ్‌మార్క్ చెప్పండి, ఏ కోట, ఎటు వైపు అంటూ ప్రశ్నలే ప్రశ్నలు. ఎదురుచూసి ఎదురుచూసి తండా వాళ్ల ట్రాలీ ఆటోలోనే బయల్దేరాం. దారిలో మొదట ఆగిన ఆసుపత్రిలో ఎక్స్‌రే మెషిన్ ఉంది, తీసే మనిషి లేడు, పొద్దున రమ్మన్నారు. సిటీకొచ్చాక ఇంకో చోట, నన్ను స్ట్రెచర్ మీద ఉంచే అడ్వాన్స్ కట్టమన్నారు. ముందు ప్రాణం చూడాలి, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది కదా. కౌంటర్ దగ్గర ఆ మాట ఎవరికీ పట్టదు. నాది కాలు కాబట్టి సరిపోయింది. అదే గుండె అయితే? రుమాలు, గొడ్డలి తప్ప ఏమీ లేని మనిషి చేయగలిగింది ఇన్ని మెషిన్లున్న చోట ఎందుకు జరగదు? కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోకండి.

మా ఆయన, అమ్మ, అత్తమ్మ రాత్రంతా మేలుకునే ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నాతో ఉన్న ఫ్రెండ్స్‌కి ఎదురుగానే చెబుతాను.

పోస్ట్ చేయబోతూ చూస్తే చాలామందిని వదిలేశాను. మంచం మోసిన తమ్ముళ్లూ, మీ భుజాలు ఇప్పుడెలా ఉన్నాయో. ట్రాలీ ఆటో అన్నా, ప్రతి గుంత దగ్గరా వెనక్కి తిరిగి “అక్కా, మెల్లగ పోతున్న” అన్నారు, మర్చిపోలేను. వార్డులో పక్క బెడ్ పెద్దమ్మ, తన ఫ్లాస్కులో టీ మా అమ్మకు పోసిచ్చారు. ఇంకా మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న, డిశ్చార్జ్ రోజు కరెంటు లేక లిఫ్ట్ ఆగిపోతే కుర్చీలో మూడో అంతస్తు దాకా మోసుకొచ్చారు. వాకర్ ఇచ్చిన పక్క ఫ్లాట్ ఆంటీ, మీకూ చాలా థ్యాంక్స్. అది ఇంకొన్ని వారాలు నా దగ్గరే ఉంచుకుంటాను.