పక్క మగ్గం మీది బొమ్మ, మన గ్రాఫు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 7 చేనేత దినోత్సవం దగ్గర పడిందంటే పత్రికల నిండా నూలు ధర, సబ్సిడీ, బకాయిలు, ప్రింటు చీరల పోటీ కనిపిస్తాయి. అవన్నీ రావలసినవే. కానీ నూలు రంగులో మునగకముందే, మగ్గం మీదికి పడుగు (నిలువు పోగులు) ఎక్కకముందే, గళ్ల కాగితం పెట్టుకుని పెన్సిల్ పట్టుకుని కూర్చునే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి గురించి రాసేవాళ్లు తక్కువ. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, చౌటుప్పల్ వైపు చిటికి (ఇక్కత్, అంటే రంగు పట్టకూడని చోట నూలుకు ముందే కట్టు వేసి, రంగులో ముంచి, తర్వాత నేసే పని) డిజైన్లు గీసేవాళ్లం, రంగులద్దేవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

మా దగ్గర రోజూ వినపడే మాట ఒకటుంది: "వాళ్లది జూడు ఎంత మంచిగొచ్చిందో, మనదేంది గిట్లయింది?" ఒకప్పుడు ఈ మాట పక్కింటి మగ్గం చూసి అనేవారు. అనుమానం వస్తే పోయి అడిగేవారు. ఎన్ని పోగులకు కట్టు వేశావు, ఏ రంగు ముందు ముంచావు అంటే అవతలాయన చెప్పేవాడు. చెప్పకుండా దాచినా, మగ్గం మీద ఉన్న పడుగు చూసి పనితెలిసిన కన్ను పట్టేసేది. ఇప్పుడు అదే మాట ఫోను చూసి అంటున్నారు. ఫోను బొమ్మ చూపిస్తుంది గానీ పోగుల లెక్క చెప్పదు. గీసేవాళ్ల చెయ్యి బిగుసుకుపోవడం ఇక్కడే మొదలవుతోంది.

లెక్క వేసి చూపిస్తాం. ఆరంగుళాల హంస బొమ్మను అడ్డం 60, నిలువు 60 గళ్లలో గీశారనుకుందాం. ఒక్కో గడి అంగుళంలో పదో వంతు, దాదాపు 2.5 మిల్లీమీటర్లు. సైకిల్ ట్యూబు రబ్బరును సన్నగా చీల్చి ఆ వెడల్పున కట్టు వేయడం చేయి తిరిగినవాళ్లకు పెద్ద పనేం కాదు. హంస మెడ ఒంపు మాత్రం మెట్లు మెట్లుగా వస్తుంది. ఫోనులో చూసిన హంసకు మెట్లు లేవు, మెడ నున్నగా ఉంది. అలాగే రావాలని అదే ఆరంగుళాలను 120 గళ్లు చేస్తే కట్టు వెడల్పు 1.25 మిల్లీమీటర్లకు పడిపోతుంది. అడ్డంగా రెండింతలు, నిలువునా రెండింతలు కనుక 3,600 గళ్లు 14,400 అవుతాయి. పని నాలుగింతలు పెరిగింది, కూలి పాతదే. అంతటితో పోదు. రంగు నీళ్లు కట్టు అంచు కింద నుంచి కొద్దిగా లోపలికి పాకుతాయి. రెండు వైపులా అర మిల్లీమీటరు చొప్పున పాకాయనుకుంటే, 2.5లో ఇంకా 1.5 తెలుపు మిగులుతుంది. 1.25లో మిగిలేది పావు మిల్లీమీటరు. మెడ మీద తెల్లగా మెరవాల్సిన గీత మాసిన మరకలాగా దిగుతుంది. మగ్గం మీద ప్రతి పేక (అడ్డం) పోగునూ అంచు దగ్గర లాగి సర్దుకుంటూ నేసేవాళ్లకు అంత సన్నటి గుర్తులు కలపడం కూడా గండమే.

చీర మగ్గం దిగాక గీసిన అబ్బాయి అనుకునేది ఏమిటి? "నాకు రాదు" అని. అక్కడ తప్పింది గడి. అతను మాత్రం తన తలరాత తప్పిందనుకుంటాడు. మరుసటి గ్రాఫులో ఒంపు జోలికే పోడు, ఎప్పుడో అమ్ముడుపోయిన పాత డైమండ్ బొమ్మను తిరగేసి ఇస్తాడు. మా వైపు కొత్త డిజైన్లు తగ్గాయని వ్యాపారులు అంటుంటారు. తగ్గింది ఈ దారినే.

ఒడిశా సంబల్‌పురి చీరల్లో శంఖం, చేప, తీగ అంత గుండ్రంగా రావడానికి కారణం వాళ్లు రెండు మూడు పోగులకే ఒక కట్టు వేయడం. మనం అంతకంటే ఎక్కువ పోగులు కలిపి కట్టలు చేస్తాం. అందుకే మన బొమ్మ పెద్దది, కోణాలున్నది, పది అడుగుల దూరం నుంచి కూడా గుర్తుపట్టేది. గుజరాత్ పాటన్ పటోలా ఒక్క చీరకు నెలల తరబడి పడుతుంది, ధరలో ఆ నెలలన్నీ ఉంటాయి. మన దగ్గర ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగితేగాని ఇల్లు గడవదు. ఈ మూడింటినీ ఒకే తెర మీద, ఒకే సైజులో, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటే మనది మోటుగానే కనిపిస్తుంది. ఆ చూపుతో గీసిన గ్రాఫు అటు ఒడిశాదీ కాదు, ఇటు పోచంపల్లిదీ కాదు.

ఇంతకన్నా పాడు పోలిక ఇంకొకటుంది, ప్రింటుతో. ప్రింటులో బొమ్మ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. చిటికిలో అంచు కాస్త చెదిరి, ఒక రంగు ఇంకో రంగులోకి ఈకలాగా జారుతుంది. నూలు ముందే రంగులో మునిగి, తర్వాత మగ్గం మీద కలుస్తుంది కనుక అలా వస్తుంది. చీర తిరగేసి చూస్తే చిటికి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ప్రింటు చాలావాటిలో వెనక వైపు వెలవెలబోతుంది. కొనేవాళ్లు అసలుదాన్ని గుర్తుపట్టేది ఆ చెదిరిన అంచుతోనే. పొద్దస్తమానం తెర మీద ప్రింటు బొమ్మలు చూసిన కంటికి మాత్రం అదే లోపంగా తోస్తుంది. కొందరు ఆ అంచును దాచడానికి బొమ్మ చుట్టూ నల్ల గీత గీస్తున్నారు. ఆ గీత కూడా చిటికే కదా, అదీ చెదురుతుంది. దాంతో బొమ్మ ఇంకా మురికిగా కనిపిస్తుంది.

రంగు సంగతి కొంచెమే చెబుతాం. తెలుపు ఉండాల్సిన చోట మొదటే కట్టి ఆఖరుదాకా విప్పకూడదు. లేత రంగు ముందు, ముదురు తర్వాత. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ అవుతుంది, దాన్ని మళ్లీ పసుపు చేయలేం. అందుకే గ్రాఫు పూర్తయ్యేసరికే రంగుల సంగతి కూడా తేలిపోవాలి. అద్దకం దగ్గర నిలబడి ఫోనులోని ఎరుపుతో తడి నూలును పోల్చడం శుద్ధ దండగ. తడి నూలు ఎప్పుడూ ముదురుగానే కనిపిస్తుంది, ఫోను తెర వెలుతురు మనిషికో తీరుగా ఉంటుంది. నూలు నీడన పూర్తిగా ఆరాక, పగటి వెలుతురులో, పాత నూలు చుట్టతో పోల్చుకుంటేనే తేడా తెలుస్తుంది.

పడుగు మగ్గం మీద ఉండగా మనసు మార్చుకోవడం అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తుంది. మూడో చీర నేస్తుండగా ఎవరిదో కొత్త బొమ్మ కంటపడుతుంది. పడుగులోని చిటికి పాతది, అది మారదు. పేక మాత్రం కొత్త గ్రాఫుతో కట్టించుకుంటారు. పడుగు గుర్తు ఒకచోట, పేక గుర్తు ఇంకోచోట పడి, పడుగుకూ పేకకూ చిటికి ఉన్న డబుల్ ఇక్కత్‌లో బొమ్మ విడిపోతుంది. మిగిలిన నాలుగైదు చీరలూ అంతే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు (పేక నూలును మేకుల చుట్టూ వేలసార్లు తిప్పడం) యంత్రం పూర్తిచేసి, చేత్తో నాలుగైదు గంటలు పట్టే ఆసు పనిని గంటన్నరకు తెచ్చారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆడవాళ్ల భుజాలకు ఆయన మిగిల్చిన ఆ గంటలు గీసేవాళ్ల ఇళ్లలో మళ్లీ ఫోనుకే పోతున్నాయని మాలో ఒకరు నవ్వుతూ అన్నారు. నవ్వే మాటేం కాదు.

గద్వాల, నారాయణపేట వైపు సంగతి మా కంటే అక్కడివాళ్లకే బాగా తెలుసు. బయటి నుంచి చూసి ఒక్కటి చెప్పగలం. గద్వాల చీర అందం నూలు ఒంటిలో, దానికి మగ్గం మీదే పోగులు పెనవేసే కుట్టు పద్ధతిలో కలిపిన పట్టు అంచులో ఉంది. ఒళ్లు నిండా బుటాలున్న చీరలతో పోల్చుకుని ఆ ఖాళీని చూసి సిగ్గుపడితే అంచు బరువు ఎక్కడ నిలబడుతుంది?

పక్కవాళ్లను అసలు చూడొద్దని మేం అనడం లేదు. చూసి నేర్చుకోవడం లేకపోతే చిటికి చీరాల నుంచి మన జిల్లాకు వచ్చేదే కాదు. నూనె పట్టించిన నూలుతో నేసే చదరపు గుడ్డ తేలియా రుమాలునే తీసుకోండి. దానికి రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. ఆముదపు కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడితేగాని ఆ ఎరుపు గట్టిగా పట్టదు. అంత ఇరుకులోంచి ఏనుగులు, సింహాలతో పాటు గడియారాలు, విమానాలు కూడా వచ్చాయి. విమానాన్ని గళ్లలోకి కుదించాలన్న బుద్ధి ఇంకో రుమాలును చూస్తే పుట్టేది కాదు, తలెత్తి ఆకాశంలోకి చూసినవాళ్లకే పుడుతుంది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే వచ్చింది. ఆ గుర్తింపు కాపాడేది ఊరికి, ఆ పనికి ఉన్న పేరును. ఒక మనిషి గీసిన కొత్త బొమ్మను కాపాడుకోవాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద వేరుగా నమోదు చేయించుకోవాలి. మొదట పదేళ్లు, అడిగితే ఇంకో అయిదేళ్లు హక్కు ఉంటుంది. బయట పెట్టకముందే దరఖాస్తు చేయాలి. ఇది తెలియక ముందే ఫోటో పెట్టేసి, తర్వాత కాపీలు చూసుకుని కుమిలేవాళ్లు చాలామంది.

కుర్రవాళ్లకు మేం చెప్పే పద్ధతి ఇది. చూసే రోజు వేరు, గీసే రోజు వేరు పెట్టుకోవాలి. గళ్ల కాగితం పరిచిన రోజు ఫోను ఇంకో గదిలో ఉండాలి. సగం గ్రాఫు నిండేదాకా ఎవరికీ చూపించకూడదు, సేటుకు కూడా. ఇంకొకరి చీర నచ్చితే ఫోటో దాచుకోవద్దు. పది నిమిషాలు చూసి మూసేసి, గుర్తున్నంతవరకు మూడే మూడు సంగతులు రాసుకోవాలి. బొమ్మ ఎన్ని గళ్లలో ఉండొచ్చు, రంగులు ఏ వరుసలో మునిగి ఉంటాయి, ఖాళీ ఎంత వదిలారు. ఈ మూడూ రాస్తుంటే అసూయకు చోటు తక్కువ ఉంటుంది, కన్ను పనిలో పడుతుంది. రెండో రోజుకు ఏం మరిచిపోయారో అది మీకు అక్కరలేదు.

గడి మార్చాలనిపిస్తే పడుగంతా పణంగా పెట్టొద్దు. పడుగు చివర మిగిలే జానెడు భాగంలో, మిగులు పేకతో ఆరంగుళాల ముక్క ఒకటి కట్టి, అద్ది, నేసి చూడాలి. కట్టు కింద రంగు ఎంత పాకిందో స్కేలు పెట్టి కొలవాలి. ఆ కొలతే మీ గడికి కనీస వెడల్పు చెబుతుంది. పాకినదానికి కనీసం నాలుగింతలు గడి ఉంటేగాని మధ్యలో రంగు నిలవదు. మరీ ఎక్కువ పాకితే రబ్బరు వదులుగా చుట్టారని, లేదా నూలును నీళ్లలో ఎక్కువసేపు ఉంచారని అర్థం. దాన్ని సరిచేయకుండా కొత్త బొమ్మ గీసి లాభం లేదు.

ఇక పోల్చుకోక తప్పదంటే పోయిన పడుగుతో పోల్చుకోవాలి. దానికి ఒక నోటుపుస్తకం చాలు. పేజీకి ఒక డిజైను. తేదీ, గళ్ల లెక్క, కట్టకు ఎన్ని పోగులు, రంగుల వరుస, ప్రతి రంగు నూలు రెండంగుళాల ముక్క టేపుతో అతికించి, కింద ఏం చెడిందో ఒక్క వాక్యం. "పల్లు దగ్గర ఎరుపు పాకింది" అంటే చాలు. పది పేజీలయ్యేసరికి అదే తప్పు ఎన్నిసార్లు వచ్చిందో కంటపడుతుంది. ఇది ఎవరి ఫోను తెరమీదా దొరకదు.

ప్రదర్శనలు పెట్టేవాళ్లకు ఒక మనవి. బహుమతి చీరల పక్కనే దానికి ముందు చెడిపోయిన నమూనా ముక్కలను కూడా వేలాడదీయండి. కొత్తగా పట్టినవాళ్లు గెలిచిన చీర ఒక్కటే చూసి బెదిరి వెళ్లిపోతున్నారు.

మీ పత్రికకు కూడా ఒకటి. చీర బొమ్మ వేసినప్పుడు నేసినవాళ్ల పేరు, ధర వేస్తున్నారు. దాని పక్కన ఇంకో రెండు వరుసలకు చోటివ్వండి: గ్రాఫు గీసినవారి పేరు, బొమ్మ ఎన్ని గళ్లు, కట్టకు ఎన్ని పోగులు, ఎన్ని రంగులు, గీయడం నుంచి మగ్గం దిగేదాకా ఎన్ని రోజులు. అచ్చయిన బొమ్మ చూసి "మనదేంది గిట్లయింది" అనుకునే కుర్రవాడికి ఆ అంకెలు దొరికితే, తన గళ్ల కాగితం మీద లెక్క వేసుకుని చూస్తాడు.

ఇట్లు,
చిటికి డిజైనర్లు, అద్దకం పనివారు కొందరు,
చౌటుప్పల్ ప్రాంతం, ఉమ్మడి నల్గొండ జిల్లా