బిల్లు ప్రింట్ మార్చాం: ఏం బాగుపడింది, ఏది మా చేతిలో లేదు

పలాస జీడిపప్పు వ్యాపారుల నుంచి రాజాం బట్టల షాపుల దాకా, బ్రౌజర్‌లో నడిచే మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారంతా చెబుతున్నది ఒకటే: తెర మీద చక్కగా ఉన్న బిల్లు కాగితం మీదికి వచ్చేసరికి చెదిరిపోతోంది. అందుకే ప్రింట్ భాగాన్ని మొత్తం తిరగరాశాం. సొంత వెబ్‌సైట్ ఉన్నవారు దీన్ని మీ డెవలపర్‌కి కూడా చూపించండి.

మెనూ, బటన్లు ఇక అచ్చు కావు. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో, ప్రింట్‌కి మాత్రమే వర్తించే 'మీడియా ప్రింట్' కింద వాటికి 'డిస్‌ప్లే నన్' పెట్టాం, అంటే చోటుతో సహా తీసేశాం. 'విజిబిలిటీ హిడెన్' పెడితే అవి కనబడవు గానీ వాటి చోటు ఖాళీగా మిగిలిపోతుంది.

తెర మీద స్క్రోల్ అయ్యే పట్టిక ప్రింట్‌లో కనిపించినంత మేరకే వస్తుంది, కింది వరసలు పోతాయి. కాబట్టి ప్రింట్‌కి మాత్రం పట్టిక పూర్తిగా పరుచుకునేలా 'హైట్ ఆటో', 'ఓవర్‌ఫ్లో విజిబుల్' చేశాం. వరస రెండు పేజీల మధ్య తెగకుండా 'బ్రేక్ ఇన్‌సైడ్ అవాయిడ్' పెట్టాం. మొత్తం సొమ్ము, సంతకం కూడా విడిపోకుండా ఒకే పేజీలో పడతాయి.

ఎక్కువ పని మూడు కాపీల దగ్గరే పట్టింది. సరుకు బిల్లుకు జీఎస్టీ ప్రకారం కొన్నవారికి ఒరిజినల్, రవాణాకు డూప్లికేట్, మీ దగ్గర ట్రిప్లికేట్ ఉండాలి. ఇప్పుడు ఒక్క నొక్కుతో మూడూ వస్తాయి. పేజీలో నడిచే ప్రోగ్రాం జావాస్క్రిప్ట్ 'క్లోన్‌నోడ్'తో బిల్లును కాపీ చేసి, పైన కాపీ పేరు మార్చి, ప్రింట్ అయ్యాక కాపీలను తీసేస్తుంది. చిక్కల్లా పేమెంట్ క్యూఆర్‌తోనే. అది క్యాన్వాస్ మీద, అంటే పేజీలో ప్రోగ్రాం బొమ్మ గీసే గడిలో, గీసిన బొమ్మ. క్లోన్ చేస్తే క్యాన్వాస్ వస్తుంది గానీ దాని మీది గీత రాదు. రెండో, మూడో కాపీల్లో తెల్ల గడి మిగులుతుంది. అందుకని ముందే దాన్ని 'టు డేటా యూఆర్ఎల్'తో మామూలు ఇమేజ్‌గా మార్చి, ఇమేజ్‌లూ తెలుగు ఫాంటూ పూర్తిగా లోడయ్యాకే ప్రింట్ పెట్టె తెరిచే 'విండో ప్రింట్' పిలుస్తున్నాం. బటన్ నొక్కాక ఒక క్షణం ఆగినట్టు అనిపిస్తే మళ్లీ నొక్కకండి. కంట్రోల్ పీ మాత్రం వాడొద్దు. అలా ప్రింట్ ఇస్తే ఈ పనులు అయ్యేదాకా బ్రౌజర్ ఆగదు, ఒక్క కాపీయే వస్తుంది. డెవలపర్లకు ఒక మాట: తర్వాత కొత్త పేజీ మొదలుపెట్టే 'బ్రేక్ ఆఫ్టర్ పేజ్' చివరి కాపీకి పెట్టకండి, వెనకాల ఒక ఖాళీ కాగితం రావచ్చు.

థర్మల్ రోల్ (వేడితో అచ్చయ్యే బిల్లు కాగితం చుట్ట) వాడేవారు సెట్టింగ్స్‌లో సైజు ఎంచుకోండి. సాధారణంగా 80 మిల్లీమీటర్ల రోల్ మీద అచ్చయ్యేది 72, 58 రోల్ మీద 48 మాత్రమే. సరుకు పేర్లు తెలుగులో ఉంటే లైన్ హైట్ (ఒక్కో వరస ఎత్తు) అక్షర సైజుకు 1.6 రెట్ల కన్నా తగ్గించలేదు. తగ్గిస్తే వత్తులు కింది వరస గుడుల్లోకి దిగిపోయి 'రాష్ట్ర' లాంటి మాటలు చదవలేం. బూడిద రంగు అక్షరాలన్నీ నలుపు చేశాం, ఎందుకంటే థర్మల్‌లో బూడిద రంగు చుక్కలుగా చిట్లిపోతుంది.

ఇక మా చేతిలో లేనివి. ఏ4 బిల్లు అంచున తేదీ, వెబ్ అడ్రస్ వేసేది బ్రౌజర్. ప్రింట్ పెట్టెలో మోర్ సెట్టింగ్స్ తెరిచి 'హెడర్స్ అండ్ ఫుటర్స్' టిక్ మీరే తీయాలి. ఏ ప్రింటర్‌కి పంపాలో కూడా వెబ్ పేజీ చేతిలో ఉండదు. అంచులో మేం వేసే పేజీ నంబర్లు క్రోమ్ 131 నుంచే వస్తాయి. విండోస్ 7 మీద క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది కనుక అక్కడ ఆ నంబర్లు రావు. నంబర్ల కోసమే కంప్యూటర్ మార్చమని అనం. కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టంలో డబ్బు లెక్కలు నడపడం మంచిది కాదు, వీలు చూసుకుని మార్చండి.

రేపు కొట్టు తెరవగానే మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన పాత బిల్లు తీసి, బటన్‌తోనే పీడీఎఫ్‌గా సేవ్ చేసి చూడండి. వరస తెగినా, క్యూఆర్ రాకపోయినా ఆ పీడీఎఫ్‌నే వాట్సాప్‌లో పంపండి. ఫోన్‌తో తీసిన కాగితం ఫోటో అయితే తప్పు ప్రింటర్‌దో పేజీదో మాకు తేలదు.