సవర నేర్చుకుంటున్నానురా అప్పన్నా

ఒరేయ్ అప్పన్నా,

ఎలా ఉన్నావు? పని చోటు మారావని మీ అమ్మ చెప్పింది. కొత్త రూము బాగుందా? వంట మీరే చేసుకుంటున్నారా, మెస్సులో తింటున్నారా? మొన్న ఫోన్లో "ఆంత్రోపాలజీ అంటే అసలేం చదువుతార్రా?" అని అడిగావు, ఇంతలో సిగ్నల్ పోయింది. సెలవులకి పాతపట్నం వచ్చాను కదా, తీరుబడిగా రాస్తున్నాను.

ఇక్కడ అందరూ "సివిల్స్ కోసమా బాబూ?" అంటున్నారు. ఆప్షనల్‌గా తీసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అలా అడగడం సహజమే. నేను చేరింది మాత్రం అందుకు కాదు. మనిషి ఒళ్ళు, పాతకాలపు ఆనవాళ్ళు, భాష, బతుకు తీరు, ఇవన్నీ ఒకే డిగ్రీలో చదవొచ్చని తెలిసి చేరాను. పొద్దున ల్యాబ్‌లో కటి ఎముక పట్టుకుని ఆడమనిషిదా, మగమనిషిదా అని చూస్తాం. మధ్యాహ్నం పెళ్ళిళ్ళూ చుట్టరికాల గురించి పాఠం. మేనరికాల పాఠం చెప్పిన రోజు నాకు చాలా సంతోషమేసింది. మోర్గాన్ అనే అమెరికా ఆయన 1871లో అచ్చేసిన చుట్టరికాల పట్టికల్లో మన తెలుగువాళ్ళవీ ఉన్నాయి. చిన్నాన్న పిల్లలు తోడబుట్టినవాళ్ళ లెక్క, మేనమామ పిల్లలు పెళ్ళి వరస. మనకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఈ సంగతే ఆయనకి పెద్ద ప్రశ్న అయింది. ప్రాక్టికల్స్‌కి మా ఇంటి వంశవృక్షం గీశాను. మగవాళ్ళకి త్రికోణం, ఆడవాళ్ళకి సున్నా. మా మామ్మ పక్కన కూర్చుని ఒక్కొక్క పేరూ చెప్తుంటే రాసుకున్నాను. పురిట్లోనే పోయిన పిల్లల్ని కూడా ఆవిడ మర్చిపోలేదు.

సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, ఆ పాఠం గురించి కూడా చెప్పాలి. ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే జబ్బు రాదు, పైగా మలేరియా ముదరకుండా కొంత కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. అందుకే తరతరాలుగా మలేరియా ఉన్నచోట అది నిలిచిపోయింది. కొండ ఊళ్ళలో అది ఎక్కువగా ఎందుకు కనిపిస్తుందో ఈ పాఠంతో అర్థమైంది.

ఈ చదువులో కోపం తెప్పించే సంగతులూ ఉన్నాయి. థర్‌స్టన్ అని మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఉండేవాడు. దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి లెక్కలు రాసుకున్నాడు. ఆ సంపుటాల్లో ఇప్పటికీ పనికొచ్చే సమాచారం ఉంది, కాదనను. కానీ ముక్కు కొలతతో మనిషి జాతినీ స్థాయినీ తేల్చొచ్చని ఆ కాలంలో నమ్మారు చూడు, అది తప్పుడు శాస్త్రం. మా మేడం ఆ సంగతి ఏమీ దాచకుండా చెప్పింది.

దానికి పూర్తి ఎదురుగా నిలిచే మనిషి మన పక్కనే ఉన్నాడురా. గిడుగు రామమూర్తి గారు. బడిలో మనకి వ్యావహారిక భాష కోసం పోరాడారని, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజేనని చెప్పి వదిలేశారు. ఆయన పుట్టింది ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, పనిచేసింది ఇక్కడికి ఆనుకునే ఉన్న పర్లాకిమిడిలో. కొండల నుంచి దిగొచ్చే సవర గిరిజనులని చూసి, వాళ్ళ భాష వచ్చినవాడిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు, బళ్ళు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వేశారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగీ మింగీ చెముడు వచ్చింది. భాష వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెముడు! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జనం మధ్య ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని రాయాలనే పద్ధతికి మా సిలబస్‌లో మాలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు పేరు చెప్తారు. ఆయన న్యూగినీ దగ్గరున్న ట్రోబ్రియాండ్ దీవులకి వెళ్ళింది 1915లో. ఆ పాటికే గిడుగు వారికి సవర వచ్చు.

నేనూ సవర నేర్చుకోవాలని మెళియాపుట్టి వైపు ఫీల్డ్‌వర్క్‌కి వెళ్ళినప్పుడు గట్టిగా అనిపించింది. మా ప్రశ్నల కాగితం తెలుగులో ఉంది. మగవాళ్ళు అవుననో కాదనో చెప్పి ఊరుకున్నారు. ఒక ముసలావిడ మాత్రం చేతులు తిప్పుతూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడింది. తర్జుమా చేసిన కుర్రాడు "పంట బాగాలేదంట" అని తేల్చేశాడు. మిగతాదంతా ఏమైపోయినట్టురా?

మా హాస్టల్లో ఒక సవర జూనియర్ ఉన్నాడు. రాత్రి భోజనాలయ్యాక నాకు నేర్పుతున్నాడు. తెలుగుకీ సవరకీ చుట్టరికమే లేదు, అది ముండా భాష, సంతాలీ వైపుది. గొంతు దగ్గర టక్కున పట్టి ఆపే శబ్దాలు ఉంటాయి, అవి ఇంకా నోటికి పట్టుబడట్లేదు. అతను ఒకసారి అన్నాడు: "మా ఇంటికొచ్చినవాళ్ళంతా గోడ మీద బొమ్మల గురించి అడుగుతారన్నా, పోడు పట్టా వచ్చిందా అని ఎవరూ అడగరు." పోడంటే కొండ మీద అడవి కొట్టి చేసే సాగు. నిజమే. అలాంటి భూమికి హక్కు ఇచ్చే 2006 అటవీ హక్కుల చట్టం గురించి మేం పరీక్షలో పేజీలు రాస్తాం. మన వైపు చాలా సవర ఊళ్ళు షెడ్యూల్డ్ ఏరియాలోనే లేవు, అక్కడి గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం రక్షణ కూడా వాళ్ళకి అందదు. నా ప్రాజెక్టు భూమి మీదే చేస్తానని మేడంకి చెప్పేశాను, ఒప్పుకుంది.

ఉద్యోగాల సంగతి అడిగావు కదా. ఆంత్రోపలాజికల్ సర్వే, మ్యూజియాలు, గిరిజన సంక్షేమం వైపు కొన్ని ఉంటాయి. ముందు పీజీ చెయ్యాలి. అమ్మకి టెన్షన్ ఉంది, నాన్న ఏమీ అనట్లేదు.

ఇక అసలు పని. మీ నాన్న సంతలో కొండచీపుర్లు, చింతపండు కొనేటప్పుడు బేరమంతా సవరలోనే ఆడతాడు కదా. వచ్చే సంతరోజు నన్ను పక్కన కూర్చోనిస్తాడేమో అడుగు. నేను అడిగితే మొహమాటపడతాడు, నువ్వు ఫోన్ చేసి చెబితే కాదనడు. చీపుర్ల కట్టలు మోసి పెడతానని కూడా చెప్పు. ఈ వారంలోనే చెయ్యరా, సెలవులు అయిపోతున్నాయి.

ఉంటాను,
నీ సత్యం