పచ్చ తీసి తెలుపు వేసే కాలం

సెప్టెంబరు 2026

చిన్నీ,

అమ్మ దీవెనలు. ఇక్కడ అమెరికాలో మీ చర్చిలో నిన్ను ఆల్టర్ గిల్డ్‌లోకి రమ్మన్నారట కదా (ఆరాధనకు ప్రభువు బల్లను సిద్ధం చేసే జట్టు అది), ఒప్పేసుకో. చేరడానికి ఇదే మంచి కాలం. ఒళ్లు అలిసే కాలమూ ఇదే. వేసవంతా జనం పల్చగా ఉంటారు, బల్ల మీద పచ్చగుడ్డ కదలదు. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు దాటగానే సండే స్కూలు, క్వయరు, రెండు పూటల ఆరాధన ఒక్కసారిగా మొదలై క్రిస్మస్ దాకా ఊపిరాడనివ్వవు. ఫోనులో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

ముందు రిజిస్టరు పని. సీఎస్‌ఐ (మన ఊరి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), నువ్వు వెళ్లే ఎపిస్కోపల్ చర్చి రెండూ ప్రపంచమంతా ఉన్న చర్చిల కూటమి ఆంగ్లికన్ కమ్యూనియన్‌లోవే. నీకు మళ్లీ బాప్తిస్మం గానీ కన్ఫర్మేషన్ (విశ్వాసాన్ని స్థిరపరిచే వేడుక) గానీ అక్కర్లేదు. ఊళ్లో చర్చి అయ్యగారి దగ్గర నుంచి ట్రాన్స్‌ఫర్ లెటర్ తెప్పించి పారిష్ (మీ స్థానిక చర్చి) ఆఫీసులో ఇయ్యి. బాప్తిస్మం పొందినవాళ్లెవరైనా ప్రభువు బల్లకు రావచ్చు, అందుకు ఉత్తరం ఎవరూ అడగరు. వార్షిక సమావేశంలో ఓటు, వెస్ట్రీలో (చర్చి పాలక సంఘంలో) చోటు లాంటివాటికే రిజిస్టరులో పేరుండాలి. ఆ సమావేశం చాలా చర్చిల్లో జనవరిలో జరుగుతుంది. ఉత్తరం రావడానికి ఎంత కాలం పడుతుందో మన ఊరి సంగతి నీకు తెలుసు, ఇప్పుడే అడుగు. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందు రాస్తే ఇక్కడ అదే నీ పేరనుకుని రిజిస్టరుకెక్కించేస్తారు.

మీ రెక్టర్ (చర్చి నడిపే ప్రీస్ట్) ఆడమనిషి కదా, అయ్యగారూ అనడం కుదరదు, అమ్మగారూ అంటే మన దగ్గర అయ్యగారి భార్య. ఏమని పిలవాలో ఆవిడనే అడుగు. కొందరు మదర్ అనిపించుకుంటారు, ఎక్కువమంది పేరుతోనే పిలవమంటారు. నీకు అలా నోరు తిరగకపోతే మదర్ దగ్గర ఆగిపో, తప్పేం లేదు.

ఇక చర్చి కాలాన్ని బట్టి మారే బల్ల గుడ్డల రంగులు. అక్టోబరంతా ఆకుపచ్చే. నవంబరు 1 సకల పరిశుద్ధుల పండుగ, ఈ ఏడు సరిగ్గా ఆదివారమే పడింది, తెలుపు. 8, 15 తేదీలు మళ్లీ పచ్చ. 22న క్రీస్తు రాజు ఆదివారం, తెలుపు. 29న క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్ కాలం మొదలు, ఊదా గానీ నీలం గానీ మీ చర్చికి ఏది అలవాటైతే అది. అంటే ఐదు వారాల్లో నాలుగుసార్లు మార్చాలి, బల్ల ముందు వేలాడే ఫ్రాంటల్‌తో పాటు పల్పిట్ (ప్రసంగ వేదిక) గుడ్డ, ద్రాక్షారసపు గిన్నె మీద ముసుగు, ప్రీస్ట్ మెళ్లో వేసుకునే పొడుగు పట్టీ స్టోల్ అన్నీ. చిక్కంతా ఆఖరి మార్పుతోనే. 26 గురువారం థ్యాంక్స్‌గివింగ్, గిల్డులో సగం మంది ఊళ్లకు పోతారు. శనివారం చూద్దాంలే అనుకుంటే నువ్వొక్కదానివే మిగులుతావు. థ్యాంక్స్‌గివింగ్ ఆరాధన మీ దగ్గర బుధవారం సాయంత్రమా, గురువారం పొద్దున్నా అన్నది అడిగి తెలుసుకుని, అది ముగిసిన గంటలోనే తెలుపు తీసి అడ్వెంట్ రంగు వేసెయ్యండి. అడ్వెంట్ దండలో పచ్చకొమ్మలు మాత్రం శనివారమే పెట్టాలి, ముందు పెడితే ఎండి కొవ్వొత్తి దగ్గర ప్రమాదం.

నారగుడ్డల దగ్గర కాస్త నిలబడి నేర్చుకో. బల్ల మీద పొడుగ్గా పరిచేది ఫెయిర్ లినెన్. దాన్ని ఎప్పుడూ మడవకూడదు, అట్టగొట్టానికి చుట్టి పెట్టాలి, మడత పడిందంటే ఆ గీత బల్ల మీద పోదు. గిన్నె, రొట్టె పళ్లెం కింద వేసే చదరపు గుడ్డ కార్పొరల్. దీన్ని అడ్డంగా మూడు, నిలువుగా మూడు మడతలు లోపలికి పెడతారు, విప్పితే తొమ్మిది గళ్లు. లోపలికే ఎందుకంటే రొట్టె పొడి రాలితే ఆ గుడ్డలోనే నిలవాలి. గిన్నె అంచు తుడిచేది ప్యూరిఫికేటర్. దీనికి గంజి పెట్టకు. గంజి గుడ్డ ద్రాక్షారసాన్ని పీల్చదు, అంచు మీద పులిమి వదులుతుంది. నార గుడ్డని తడి ఆరకముందే ఇస్త్రీ చెయ్యాలి. పూర్తిగా ఆరాక నీళ్లు చల్లి ఎంత రుద్దినా ముడతలు మిగిలిపోతాయి.

వాడిన ప్యూరిఫికేటర్లని నేరుగా వాషింగ్ మెషీన్లో పడేస్తే పెద్దవాళ్లు గుడ్లురుముతారు, అందులో న్యాయముంది. సంస్కారమైన, అంటే బల్ల దగ్గర ప్రార్థనతో ప్రతిష్ఠించిన, ద్రాక్షారసం అంటిన గుడ్డ అది. ముందు గిన్నెడు చన్నీళ్లలో జాడించి, ఆ నీళ్లు సేక్రిస్టీలోని (ఆరాధన సామాను సిద్ధం చేసే గది) పిసైనాలో పొయ్యాలి. అది మామూలు సింకులాగే ఉంటుంది, కానీ దాని గొట్టం మురుగుకాలవలోకి కాక నేరుగా నేలలోకి పోతుంది. మీ చర్చిలో లేకపోతే బయట మొక్క మొదట్లో, కాలు పడని చోట పోస్తే సరి. ఉతుకు ఆ తర్వాత. ఎర్ర మరక మిగిలితే గుడ్డని గిన్నె మీద బిగించి పట్టి, కాస్త ఎత్తు నుంచి మరిగే నీళ్లు పొయ్యి. లిప్‌స్టిక్‌కి మాత్రం వేడినీళ్లు ముందు తగలనివ్వకు, అది మైనం, నూనె కలిసిన సరుకు, వేడికి కరిగి పోగుల్లో దిగిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేళ్లతో రుద్ది పావుగంట వదిలెయ్యి. క్లోరిన్ బ్లీచ్ ఎవరైనా చేతికిచ్చినా వద్దను, నార పసుపెక్కి చిరుగుతుంది. కొవ్వొత్తి మైనం పడితే ఐసుముక్కతో గట్టిపరిచి, పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి, మిగిలినదాన్ని రెండు గోధుమరంగు కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ తిప్పు, కాగితం జరుపుతూ ఉండు. ఇదంతా నారగుడ్డకే. పట్టు ఫ్రాంటల్ మీద మైనం పడితే నువ్వు చెయ్యి పెట్టకు, పెద్దావిడెవరో ఉంటారు, వాళ్లకి చూపించు.

ద్రాక్షారసం కొలత కూడా మొదట్లో అందరూ తప్పుతారు, ఎక్కువే పోస్తారు. ఒక్కొక్కరి గుటక 5 నుంచి 7 మిల్లీలీటర్లు. 80 మంది వస్తారనుకుంటే 750 మిల్లీలీటర్ల సీసాలో మూడింట రెండు వంతులు చాలు, రొట్టె ముంచుకునేవాళ్లు ఎక్కువుంటే ఇంకా తక్కువ. సంస్కారమయ్యాక మిగిలింది పారబొయ్యడానికి లేదు, జబ్బుపడ్డవాళ్ల కోసం దాచింది పోను తక్కినదంతా అక్కడే తాగెయ్యాలి. నువ్వు చెయ్యి జారిస్తే పాపం ప్రీస్ట్‌కి సాయపడే డీకన్ గారు పదిగంటల పొద్దున రెండు గ్లాసులు మింగాలి. చాలకపోయినా కొంప మునగదు, ప్రీస్ట్ బల్ల దగ్గరికి తిరిగి వెళ్లి ఇంకొంచెం సంస్కారం చేస్తారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ బల్ల మీద ఒకే గిన్నె ఉండడం పద్ధతి. మిగతా రసం కూజాలాంటి ఫ్లాగన్‌లో పక్కన నిలబడుతుంది, రొట్టె విరిచాక దాన్నుంచి వేరే గిన్నెల్లో నింపుతారు. అందుకని ముందే మూడు గిన్నెలూ నింపి వరసగా పెట్టెయ్యకు.

అక్టోబరు 4 సెయింట్ ఫ్రాన్సిస్ దినం, అదీ ఈసారి ఆదివారమే. మధ్యాహ్నం జంతువులకు దీవెన పెడతారు. ఆరుబయట పెట్టుకోండి, కుక్కలకు తాడు, పిల్లులకు బుట్ట తప్పనిసరి, పిల్లుల్ని వేరే వైపు నిలబెట్టండి, నీళ్లు చిలకరించేటప్పుడు వాటి మీద ఒక్క చుక్కే. మనవాళ్లకి ఇది వింతగా ఉంటుంది గానీ, సంక్రాంతికి పశువుల్ని కడిగి బొట్టుపెట్టే ఊళ్ల నుంచి వచ్చి నవ్వడమెందుకు?

అక్టోబరులోనే ప్లెడ్జ్ కార్డు వస్తుంది. వచ్చే ఏడాది నువ్వు ఎంత ఇస్తావో ముందుగా రాసిచ్చే కార్డది. అది బాకీ పత్రం కాదు, ఉద్యోగం పోతే ఆఫీసుకి ఒక మాట చెప్పి తగ్గించుకోవచ్చు. కానీ ఖాళీగా మాత్రం ఉంచకు. ఆ కార్డులన్నీ కూడితేనే వెస్ట్రీ బడ్జెట్ వేస్తుంది, రెక్టర్ జీతం, కప్పు మరమ్మతు, చలికాలం హీటింగు బిల్లు అన్నీ అందులోంచే. నెలకు ఇరవై డాలర్లు రాసినా అది వాళ్లు లెక్కలో పెట్టుకోగలిగిన ఇరవై. చందాపళ్లెంలో నువ్వు చప్పుడు లేకుండా వేసే వంద లెక్కకు రాదు, జనవరిలో పన్నుల కోసం ఇచ్చే రసీదులోనూ కనపడదు. కవర్ల మీద నీ నంబరు చూసుకో. అక్టోబరు 18న చదివే సువార్త కైసరుకు పన్ను కట్టే ప్రశ్న, మత్తయి 22. సరిగ్గా కార్డులు పంచే రోజుల్లో ఆ పాఠం రావడం ఏ ఆదివారం ఏ పాఠమో చెప్పే పట్టిక, లెక్షనరీ, మూడేళ్ల చక్రం చేసే పని, మీ ట్రెజరర్ కుట్ర కాదు.

దానికి తోడు ఒక నీలిపెట్టె ఇస్తారు, అట్టది, అరచేతిలో పడుతుంది. యునైటెడ్ థ్యాంక్ ఆఫరింగ్ అంటారు, 1889 నుంచి ఉంది, ఆడవాళ్లు పెట్టింది. కృతజ్ఞత అనిపించినప్పుడల్లా ఒక నాణెం వేసి, చర్చి చెప్పిన ఆదివారం పట్టుకెళ్లాలి. మన పల్లెల్లో వంట చేసేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి దేవుడికని తీసిపెట్టే గుప్పెడు గుర్తుంది కదా, అదే పని, చిల్లరతో. పొయ్యి పక్కనే పెట్టుకో, పుస్తకాల బీరువాలో పెడితే వచ్చే ఏడు దుమ్ము దులుపుతావు.

ఆరాధన అయ్యాక అందరికీ కాఫీ ఇచ్చే కాఫీ అవర్ వంతు నీకు వచ్చి తీరుతుంది. 55 కప్పుల అర్నులో (పెద్ద కరెంటు కాఫీ పాత్రలో) చన్నీళ్లు నింపి మూడున్నర కప్పుల పొడి వెయ్యి, కప్పుకి ఒక నిమిషం చొప్పున దాదాపు గంట పడుతుంది, కాబట్టి ఆరాధనకు ముందే స్విచ్ వెయ్యాలి. కెఫీన్ లేని కాఫీ అర్ను వేరే గోడ ప్లగ్గులో పెట్టు, రెండూ ఒకే లైను మీద ఉంటే బ్రేకర్ పడిపోయి ప్రసంగం మధ్యలో మైకు కూడా ఆగొచ్చు. పాట్‌లక్‌కి (తలా ఒక వంటకం తెచ్చే విందు) పులిహోర నిశ్చింతగా తీసుకెళ్లు, చల్లారినా బాగుంటుంది. పక్కన చీటీ పెట్టి వేరుశనగ, జీడిపప్పు ఉన్నాయని పెద్ద అక్షరాల్లో రాయి. పల్లీ పడనివాళ్లకు అది ప్రాణం మీదికొచ్చే సంగతి, పసుపన్నంలో పల్లీలుంటాయని వాళ్లకెలా తెలుస్తుంది? ఎండుమిరపకాయలు ఏరెయ్యి.

ఇక నవంబరు 1. బాప్తిస్మాలకు ప్రార్థన పుస్తకం ప్రత్యేకించి చెప్పే నాలుగు సమయాల్లో ఇదొకటి. తొట్టి నీళ్లు గోరువెచ్చగా, ఆరాధనకి కాస్త ముందే నింపండి, పసిపిల్లలు చన్నీళ్లకు కేరుమంటారు. కూజా, బిడ్డకొక తువ్వాలు, అభిషేక తైలం, చేతికిచ్చే చిన్న కొవ్వొత్తి, ఈస్టరు నాటి పెద్ద పాస్కల్ కొవ్వొత్తి వెలిగించి తొట్టి పక్కన. బాప్తిస్మాలు లేకపోతే అందరూ లేచి తమ బాప్తిస్మపు ప్రమాణాలే మళ్లీ చెబుతారు, కొన్ని చోట్ల ప్రీస్ట్ కొమ్మతో నీళ్లు చల్లుతూ నడుస్తారు. నడవలో నీళ్లు పడితే ముసలివాళ్లు జారతారు, తువ్వాలు పట్టుకుని ఒకళ్లు సిద్ధంగా ఉండండి. ఆ తెల్లవారుజామునే చలికాలపు సమయానికి గడియారాలు గంట వెనక్కి పోతాయి. సేక్రిస్టీ గోడగడియారం శనివారం రాత్రే తిప్పు. మర్చిపోయినవాళ్లు గంట ముందు వచ్చి తలుపు దగ్గర చలిలో నిలబడతారు, ఎవరో ఒకరు ముందే తెరవాలి.

ఆ రోజే చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు. నవంబరు 2 మన దగ్గర సమాధుల పండుగ, సున్నం వేసి బంతిపూలు చల్లి కొవ్వొత్తులు పెడతాం. ఇక్కడ చాలా పారిష్‌లు ఆ స్మరణని 1వ తేదీ ఆదివారంలోనే కలుపుతాయి. చదవమని నిన్ను అడిగితే ఒక లెక్క గుర్తుంచుకో. ఊరికే చదివితే పేరుకి నాలుగు సెకన్లు, 60 పేర్లకు నాలుగు నిమిషాలు. ప్రతి పేరుకీ గంట కొడితే, మోత ఆరేదాకా ఆగాలి కనుక పదినిమిషాలు దాటుతుంది. జనం నిలబడి ఉంటారు, కాబట్టి ముందే కూర్చోమనాలి.

పేర్ల కాగితం ఆరాధన క్రమం బులెటిన్ అచ్చుకు పోకముందే అందాలి, అక్టోబరు 25 ఆదివారం దాటనివ్వకు. మనవాళ్ల పేర్లు రాసిచ్చేటప్పుడు ఇంటిపేరు చివర పెట్టు, పక్కన బ్రాకెట్లో పలికే తీరు విడగొట్టి రాయి. దానమ్మని వాళ్లు దనామా చేస్తారు, ఎస్తేరమ్మలో ఎస్తర్ వరకు పలికి అమ్మ దగ్గర తడబడతారు. దాన్-అమ్మ, ఎస్తేర్-అమ్మ అని గీత పెట్టి, అమ్మ అంటే తల్లి అని చదివేవాళ్లకి ఒక మాట చెబితే నాలుక దానంతటదే తిరుగుతుంది. దేవసహాయం లాంటి పొడుగు పేరుని మూడు ముక్కలు చెయ్యి. శనివారం ఒకసారి పక్కన కూర్చుని పైకి చదివించు.

అమ్మమ్మ, తాతయ్య, మీ పెద్దనాన్న, ముగ్గురి పేర్లూ ఇయ్యి. తాతయ్య పేరులో మధ్యలో వచ్చే ళ వాళ్లకి రాదు, ల అన్నా ఏమీ అనకు.

అమ్మ